తలకట్టు

"నాకు రాదు మిస్. ఇడిసిపెట్టు నన్ను," అన్నాడు హనుమంతు. పలక పక్కన పడేసి గోడకు జారగిలబడ్డాడు.

ముందు వరసలో నేత్రావతి కిసుక్కున నవ్వింది.

కాత్యాయని సుద్దముక్క తెచ్చి నేత్రావతి ముందు పెట్టింది. "నవ్వొచ్చినోళ్ళు లేచొచ్చి బోర్డు మీద రాయాల. హనుమంతు పేరే రాయాల."

నవ్వు ఆగిపోయింది.

నగర్తపేటలో జరీ దుకాణం పైన చిన్న గది. ఆదివారం కింద అంగళ్ళు మూసి ఉంటాయి కాబట్టి తరగతి ఆదివారమే. ఒకప్పుడు పద్దెనిమిది మంది వచ్చేవాళ్ళు. జనవరిలో, పాఠం చెప్పే భారతి మేడం చనిపోయింది. మరుసటి వారానికే ఒక్కొక్కరూ మానేయడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఆరుగురినే కాత్యాయని వెనక్కి తేగలిగింది. ఇంటింటికీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, చెప్పులు తొడుక్కునేదాకా కదలకుండా తెచ్చింది.

తెచ్చినా సాకులు తప్పలేదు.

"నీళ్ళొచ్చే టైమ్ మిస్, బిందెలు పట్టాల్సొచ్చె," అంటుంది హేమలత ప్రతి వారం.

"హోమ్‌వర్కు రాసినా మిస్. ఇంట్లో పిల్లోడు ఆ పేజీ చింపి పడవ చేసుకున్నాడు," అన్నాడు అమరనాథ్.

"పడవ మునిగిందా, తేలిందా?"

"తేలింది మిస్."

"అయితే బాగానే రాసినావు. ఇంకోసారి రాయి."

ఈ రోజు మాత్రం సాకులు చెల్లవు. గది ఇచ్చిన ట్రస్టు నుంచి జ్ఞానప్రకాశం సార్ వస్తున్నాడు. ఆయన ముందు ఆరుగురూ తమ పేరు ఈ ఊరి భాషలో, కన్నడంలో రాయాలి. ఒక్కరు తప్పినా గది తాళం ఆయన పట్టుకుపోతాడు. వచ్చే వారం నుంచి అక్కడ కంప్యూటర్ క్లాసులు.

అయిదుగురికి వచ్చేసింది. హనుమంతు ఒక్కడే మిగిలాడు.

కాత్యాయని అతని పక్కన కూర్చుంది. పలక మీద 'హ' రాసింది. భారతి మేడం రాసినట్టే రాసింది.

భారతి మేడం చదువు హిందూపురంలో, తెలుగులో సాగింది. కన్నడం ఇక్కడికొచ్చాక నేర్చుకుంది. కన్నడ అక్షరానికి తలకట్టు అడ్డంగా పడుకుని ఉంటుంది. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది. మేడం చెయ్యి పాత అలవాటు మానలేదు. ఏ భాష రాసినా టిక్కే పెట్టేది. అది తప్పని ఎవరైనా అంటే నవ్వేది. రాయడానికి భయపడే వాళ్ళకు దాన్నే చూపించేది. "మీరేది రాసినా దాని నెత్తిన ముందే రైటు ఉండాది, చూడండి," అనేది.

కాత్యాయనికీ ఆ చేతిరాతే వచ్చింది. ఆమె నుంచి ఈ ఆరుగురికీ అదే వచ్చింది.

"నీ పేరులో నాలుగు అక్షరాలు. నాలుగింటికీ రైట్లే. ఇంక తప్పు యాడ రాస్తావు?" అంది కాత్యాయని.

"గీత వంకర పోతాంది మిస్."

"పోనీ. వంకరగానే రాయి."

జ్ఞానప్రకాశం మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక్కొక్కరూ రాసి పలకలు తెచ్చి బల్ల మీద పెట్టారు. చివర హనుమంతు రాశాడు. నాలుగు అక్షరాలకు అయిదు నిమిషాలు పట్టింది.

ఆరు పలకలూ వరసగా చూశాడాయన.

"ఇది కన్నడం కాదమ్మా. తలకట్లన్నీ తెలుగువి. వీళ్ళకింక చదువు రాదు. వదిలెయ్."

కాత్యాయని చివరి పలక ఆయన ముందుకు జరిపింది.

"ఇందులో ఏం రాసినాడు సార్?"

"హనుమంతు."

"ఇందులో?"

"నేత్రావతి."

"చదివేసినారు కదా సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, భారతి మేడం అంటే నాకూ గౌరవమే. కానీ టీచరు పేరు గడిలో నేనెవర్ని రాయాలి? నీకు అర్హత లేదు. ఆ సంగతి నీకూ తెలుసు. హాయిగా నీ పని నువ్వు చూసుకోక ఈ తలనొప్పి ఎందుకు?"

"నాకు అర్హత రావాలంటే ఇంకా చానా ఏండ్లు పడుతుంది సార్. అన్నేండ్లు వీళ్ళు కాచుకోలేరు."

"సరే, ఆ తలకట్లన్నా దిద్దించు. ఒక నెల గడువు ఇప్పిస్తాను."

కాత్యాయని బోర్డు వైపు చూసింది. నెల రోజులంటే నాలుగు ఆదివారాలు. దిద్దడం ఎంత పని?

"దిద్దను," అంది.

"ఏమిటీ?"

"అవి మేడం పెట్టినవి. తప్పు వేస్తే మీరు వేసుకోండి. తాళం పట్టుకుపోండి. మేము మెట్ల మీద కూర్చుంటాం."



"నేను కూడా మెట్ల మీదే," అన్నాడు హనుమంతు.

"పై మెట్టు నాది," అంది నేత్రావతి.

"నువ్వెప్పుడూ ఇంతే. ముందు వరసా నీకే, పై మెట్టూ నీకేనా?" అని హేమలత తగులుకుంది.

జ్ఞానప్రకాశం వాళ్ళ కొట్లాట వింటూ కూర్చున్నాడు. తరవాత హనుమంతు పలకను మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు. వంకర అక్షరాల మీద నాలుగు టిక్కులు నిటారుగా ఉన్నాయి. జేబులోంచి పెన్ను తీసి రిజిస్టరులో 'ఆరుకు ఆరు' అని రాశాడు. టీచరు పేరు గడి ఖాళీగా వదిలేశాడు.

"జూన్ దాకా," అన్నాడు. తాళం చెవి బల్ల మీదే వదిలి మెట్లు దిగిపోయాడు.

"పలకలు తుడవండి. ఊరి పేరు రాద్దాం," అంది కాత్యాయని సుద్దముక్క తీసుకుంటూ.

బోర్డు పై అంచున, తన అమ్మ భారతి మేడం ఎప్పుడూ తారీఖు వేసే చోటికి చెయ్యి అందక కాత్యాయని మునివేళ్ళ మీద లేస్తుంటే, ఆ ఆరుగురిలోకీ చిన్నవాడు, యాభై ఎనిమిదేళ్ళ హనుమంతు వచ్చి, తన పదకొండేళ్ళ టీచర్ని ఎత్తి స్టూలు మీద నిలబెట్టాడు.