గులాబీ నీళ్లు

"వచ్చిందమ్మడూ! రంగొచ్చేసింది!"

సొరంగం ఫోనులో మాస్టారి గొంతు ఖంగుమంది. రంగులమ్మాయి ఏదో చెప్పబోయింది. అవతల ఈలలు, చప్పట్లు. ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

భూమి లోపల, కాలే బండల మధ్య వాళ్ల పరిశోధన. మొదటి బోరులో చన్నీళ్లు పంపుతారు. అవి బండ పగుళ్లలో కాగి రెండో బోరులో బయటికి రావాలి. ఆ వేడితో కరెంటు తీయొచ్చు. వచ్చినవి తాము పంపిన నీళ్లేనని తేలడానికి గులాబీ రంగు కలుపుతారు. ఆ పని ఆమెది. అందుకే మాస్టారు ముద్దుగా రంగులమ్మాయి అని పేరు పెట్టారు. ఇవాళ కూడా రంగు కనబడకపోతే సొరంగం మూసేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు.

పొద్దుట్నుంచీ మొరాయించిన మొదటి బోరు పంపు ఇందాకే దారికొచ్చింది. ఆమె సంచి భుజాన వేసుకుని రెండో బోరు వైపు నడిచింది.

అక్కడ మాస్టారు సీసా ఎత్తి అధికారులకు చూపిస్తున్నారు. లేత గులాబీ నీళ్లు.

"నా జీవితమంతా ధారపోశానండీ దీనికి!" అంటున్నారు. ఆమె ఊసే లేదు.

డ్రిల్లరు బాబాయి ఆమె మొహం చూసి పక్కకొచ్చాడు.

"ఏడుస్తున్నావేంటి తల్లీ? నీ పేరెత్తలేదనా?"

"పేరుదేముంది బాబాయ్. కన్నతండ్రిలా నమ్మాను. ఇలా గొంతు కోస్తారనుకోలేదు."

"సంబరంలో మర్చిపోయుంటార్లే. నేను చెప్తానుండు."

అంతలో మాస్టారే ఆమెను చూశారు. నవ్వు ఆగిపోయింది. రంగు కలిపిన మనిషి ఆ రోజు రెండో బోరు ఛాయలకు రాకూడదు. ఒక్క చుక్క అంటినా పరీక్ష పాడైపోతుంది. ఆ నియమం పెట్టిందీ, ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందీ ఆయనే.

"రంగు చేతులతో ఇక్కడికెందుకొచ్చావ్? బుద్ధుందా?"

"నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి మాస్టారూ."

సీసా పట్టుకున్న ఆయన గోళ్ల అంచులు గులాబీ రంగులో ఉన్నాయి.

"సరే సరే, రిపోర్టులో నీ పేరూ వేయిస్తాలే. ఇక అలక మానెయ్."

"వద్దు," అంది. కళ్లు తుడుచుకుని సంచి విప్పింది. అందులోని డబ్బా తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

ఇవాళ నీళ్లలో కలపాల్సిన ఆ రంగు డబ్బా సీలు ఇంకా ఊడనే లేదు.