మూడో మెట్టు

“హైస్కూలుకి ఇదే ఆఖరి వ్యానండీ. సాయంత్రానికి తుపాను తీరం దాటేస్తుందంటండి. లేవండమ్మగారూ,” అన్నాడు గ్రామ సచివాలయం ఉద్యోగి మురళీమోహన్, వానలో తడుస్తూ.

సువర్ణ అరుగు మీంచి కదల్లేదు. “తొంభై ఆరు తుపానుకే నీళ్ళు మా మూడో మెట్టు దాటలేదు బాబూ. ఇదెంత?”

“ఆయ్, నిజమేనండి. కానీ ఆ సంగతి ఈ తుపానుకి తెలీదు కదండీ.”

లోపల సంచీ సర్దుతున్న కూతురు బ్లెస్సీ గుమ్మంలోకి వచ్చింది. “అమ్మా, అది నాన్నగారి మాట.”

నిజమే. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి తుపానుకీ సాలమోను మేష్టారు ఆ మెట్టే చూపించేవారు. సువర్ణే పోట్లాడి, ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది. ఆయన పోయి నాలుగు నెలలైంది.

“ఈ ఇంట్లో ఎవరో ఒకరు మొండికెయ్యాలిగా,” అంది సువర్ణ.

“అయితే నీ మాట నేనంటాను. ‘మీరు మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి, నేను పోతున్నాను.’” బ్లెస్సీ సంచీ భుజాన వేసుకుని వానలోకి దిగింది.

సువర్ణ కాసేపు మూడో మెట్టు వంక చూసింది. లేచి తలుపుకి తాళం వేసింది.

“వస్తున్నాలేవే, నీ పోరు పడలేక.”

అదీ నాన్నగారి మాటే. ఈసారి బ్లెస్సీ ఆ సంగతి ఎత్తలేదు.