మూడు మాడ్యూళ్లు, ఒక గొంతు

"కళ్లు మూసుకుని విను బోగ్నా. నీ గొంతు అవునో కాదో చెప్పు, అంతే."

విటోల్డ్ తన వాయిద్యం, సింథసైజర్ చట్రంలో మొదటి మాడ్యూల్ పెట్టెను బిగించి తీగలు గుచ్చాడు. బోగ్నా సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

భార్యాభర్తలిద్దరూ ఇరవై ఏళ్లపాటు పోలండ్ అంతా తిరిగి కచేరీలు చేశారు. వాయిద్యం అతనిది, పాట ఆమెది. పోయిన చలికాలం థైరాయిడ్ ఆపరేషన్‌లో ఆమె గొంతు నరం దెబ్బతింది. ఇప్పుడు ఆమె మాట్లాడితే గాలి తప్ప ధ్వని రాదు.

కచేరీల్లో ఆమె బదులు పాడేందుకు, స్వరం పుట్టించే మాడ్యూళ్లు మూడు తెచ్చిపెట్టాడు స్నేహితుడు జెనోన్. అతనికి పోజ్నాన్‌లో వీటి దుకాణం ఉంది. విటోల్డ్ ఈ వారమంతా ఆమె పాత రికార్డులు ముందు పెట్టుకుని వాటి నాబ్‌లు తిప్పుతూనే ఉన్నాడు. కానీ స్పీకర్ల ముందు నిలబడి నిలబడి అతని చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. సన్నని తేడాలు అందవు. అందుకే తీర్పు ఆమెకు వదిలాడు.

"ఇది పాతకాలం పద్ధతిలో చేసింది," జెనోన్ నిమ్మచెక్క వేసిన టీ చప్పరిస్తూ అన్నాడు. "స్వరంలో వెచ్చదనం ఉంటుంది. గది వేడెక్కితే మాత్రం శ్రుతి జారుతుంది. మొండిఘటం."

గదిలో ఒక ఆడగొంతు మెల్లగా లేచింది. పైకి వెళ్లి, అక్కడ కొంచెం తడబడి, కిందికి దిగింది.

బోగ్నా లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది. మొహం తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"ఏమైంది?"

"ఏం లేదు, నోరెండిపోయింది," గాలిగా అంది. "ఇది నేను కాదు. పైస్వరంలో జారుతోంది. నేనెప్పుడైనా అలా జారానా?"

"ఛ, నువ్వా!" విటోల్డ్ వెంటనే తీగలు పీకేశాడు.

"ఇంకోసారి విను వదినా," అన్నాడు జెనోన్. "నాకైతే..."

"ఒరేయ్, నువ్వు నోర్మూసుకుని కేకు తిను. తన గొంతు తనకు తెలీదా?"

రెండోది డిజిటల్ మాడ్యూల్. వేడికీ చలికీ చలించదు, శ్రుతి వెంట్రుకవాసి తప్పదు. కానీ ప్రతి స్వరమూ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుంది. బోగ్నా తల అడ్డంగా ఊపింది.

"ఏదో ఒకటి కుదరాలి," మూడోది బిగిస్తూ అన్నాడు విటోల్డ్. "వచ్చే నెలే మళ్లీ కచేరీలు, గ్దాన్స్క్‌తో మొదలు. నువ్వు హాయిగా ఇంట్లో ఉండు. ఆ బస్సు ప్రయాణాల గోల ఉండదు. పోస్టర్లు కూడా వచ్చేశాయి."

"నా పేరుందా?"

"ఎలా వేస్తాం చెప్పు? నువ్వొస్తావనుకోరూ జనం? అయినా పేరుదేముంది, గొంతు నీదేగా! నువ్వు నా పక్కన ఉన్నట్టే."

బోగ్నా టీగ్లాసు అంచు వేలితో తుడిచింది.

"నిజం చెప్పాలంటే ఇదే నయం," విటోల్డ్ నవ్వాడు. "జలుబు చేయదు, అలగదు."

జెనోన్ కూడా నవ్వాడు. బోగ్నా కూడా.

మూడోదానికి అచ్చుల్ని స్పష్టంగా పలకడం వచ్చు. 'ఆ' అంటే 'ఆ'నే, 'ఓ' అంటే 'ఓ'నే. కాకపోతే ముక్కుతో పాడుతున్నట్టుంది, మధ్యలో ఊపిరి తీసుకోదు. బోగ్నా చివరిదాకా కళ్లు మూసుకునే వింది.

"ఇదే," అంది.

విటోల్డ్ పరుగున వచ్చి ఆమెను హత్తుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు. "నేను అనుకుంటూనే ఉన్నా! వినగానే నువ్వే అనిపించింది! ఇన్నేళ్లుగా విన్న గొంతు, ఆ మాత్రం పోల్చుకోలేనా?"

జెనోన్ మిగతా రెండూ సర్దుకున్నాడు. పాతకాలందాన్ని బెర్లిన్ మనిషెవరో అడుగుతున్నాడనీ, రేపే పంపేస్తాననీ చెప్పాడు. బోగ్నా దాన్ని తన ఉన్ని శాలువాలో చుట్టింది.

"ఇలా ఇవ్వు వదినా, నేను పట్టుకెళ్తాను."

ఆమె ఇవ్వలేదు. తనే గుండెకు ఆనించుకుని మెట్లు దిగింది. కారు వెనక సీట్లో ఒదిగేలా పెట్టి తలుపు వేసింది.

కారు వీధి మలుపు తిరిగేదాకా బోగ్నా ఆ చలిలో అలాగే నిలబడి, తన గొంతును సాగనంపింది.