పంపు వద్దన్న టీచర్

మధులత కారు మూడడుగులు వెళ్లి ఆగిపోయింది.

మిగతా పిల్లల కార్లు వరండా గచ్చు మీద పదీ పన్నెండు అడుగులు పరుగెత్తి గోడకు కొట్టుకుంటున్నాయి. అన్నీ ఒకే రకం. ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, దానికి సీసా మూతలతో నాలుగు చక్రాలు, ఇరుసులకు చీపురుపుల్లలు, పైన స్ట్రాకు రబ్బరుబ్యాండుతో బిగించిన బెలూన్. గాలి వెనక్కి పోతుంటే బండి ముందుకు పోతుందని తబిత టీచర్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఆరో తరగతిలో చక్రాలు అందరికంటే తిన్నగా బిగించింది మధులతే. చేత్తో తోస్తే ఆ కారు వరండా చివరిదాకా పోతుంది. బెలూన్ మాత్రం నిమ్మకాయంతకు మించి ఉబ్బలేదు.

"ఇంకోసారి ఊదు," అంది తబిత.

మధులత ఊదింది. రెండు ఊపిర్లకే బెలూన్ వదిలేసి గోడకు జారబడి కూర్చుంది. పిల్లలు నవ్వారు. అటుగా వెళ్తున్న లెక్కల మాస్టారు మణిశంకర్ జాలిపడి, తన దగ్గర గాలి కొట్టే పంపు ఉంది, తెచ్చిస్తానన్నాడు. తబిత వద్దంది. పక్కపిల్ల ఊదిపెడతానంటే అదీ వద్దంది. ఎవరి బెలూన్ వాళ్లే నోటితో ఊదాలన్నది ఆమె పెట్టిన నియమం. అందరూ కార్లను చూస్తుంటే ఆమె మాత్రం పిల్లల మొహాలు చూస్తూ, ఎవరు ఎన్ని ఊపిర్లలో నింపారో నోటు పుస్తకంలో రాసుకునేది. మార్కులు వేస్తోందనుకున్నారు పిల్లలు.

కడియం పక్క ఊళ్లో ఉన్న ఆ హైస్కూల్‌కి తబిత బదిలీ మీద వచ్చి ఏడాదయింది. సైన్సు బాగా చెబుతుందని, మనిషి మాత్రం కఠినమని పేరు.

మర్నాడు మధులత తండ్రి వెంకటరాజు వచ్చాడు. ఆయనకు నర్సరీ ఉంది. లారీకి మొక్కలు ఎత్తిస్తున్నవాడు పని మధ్యలో వదిలేసి వచ్చాడేమో, చెప్పులకు ఎర్రమట్టి తడిగానే ఉంది. కూతురు స్కూలు నుంచి వచ్చి అన్నం ముట్టలేదని హెడ్మాస్టరు చంద్రరావు ఎదుటే తబితను నిలదీశాడు.

"ఆటబొమ్మ కోసం ఆడపిల్లని పదిమందిలో నవ్వులపాలు చేస్తారా అండి?"

తబిత ఎదురు ప్రశ్నలు వేసింది. మెట్లెక్కేటప్పుడు మధులత మధ్యలో ఆగుతుందా అని అడిగింది. ఆడుకుంటూ ఉన్నట్టుండి కూర్చుండిపోతుందా, తరచూ జలుబు చేస్తుందా, పెదాల రంగు మారడం ఎప్పుడైనా చూశారా అని అడిగింది. వెంకటరాజుకు ఒళ్లు మండింది. తన కూతురు కాస్త నాజూకే తప్ప ఏ రోగమూ లేదని, ఆడపిల్లకు లేని జబ్బు అంటగట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఇక ఈ కార్ల పని ఆపేద్దామని చంద్రరావు మెల్లిగా అన్నాడు. ఆమె తల వంచుకుని విన్నది.

ఆ సాయంత్రమే ఆమె నర్సరీకి నడిచి వెళ్లింది. వెంకటరాజు ఆమెను చూసి మొహం తిప్పుకుని బంతిమొక్కల వరసల్లోకి వెళ్లిపోయాడు. ఆయన భార్య నాగరత్నం మొహమాటానికి కుర్చీ వేసింది. తబిత మరుసటి రోజూ వెళ్లింది. మూడో రోజూ వెళ్లింది.

"ఒక్కసారి గుండె డాక్టరుకి చూపించండమ్మా. ఏమీ లేదని తేలితే నేనే వచ్చి రాజుగారి కాళ్లు పట్టుకుంటాను."

చదువు చెప్పే మనిషి అంతమాట అనేసరికి నాగరత్నానికి భయం పట్టుకుంది. పుట్టింటికని భర్తకు చెప్పి పిల్లను రాజమండ్రి తీసుకెళ్లింది.

పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు పాడై, ఆపరేషన్ చేయడానికి కూడా వీలుండేది కాదన్నారు. వెంకటరాజు మొక్కల మధ్య కూలబడి, పనివాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.

ఆపరేషన్ రోజు తబిత సెలవు పెట్టి వచ్చి ఆసుపత్రి వరండాలో ఒక మూల కూర్చుంది. మంచినీళ్లిచ్చినా తాగలేదు. డాక్టరు బయటికొచ్చి పిల్లకేం ఫరవాలేదని చెప్పాక నాగరత్నం ఆమె కోసం చూస్తే, అప్పటికే వెళ్లిపోయింది.

మూడు నెలలకు మధులత మళ్లీ బడికొచ్చింది. తోడు వెంకటరాజు కూడా వచ్చాడు. డాక్టరు ఊదొచ్చన్నారని చెప్పి మధులత తన కారుకు కొత్త బెలూన్ బిగించింది. ఆగి ఆగి, నిదానంగా ఊదింది. ఆ కారు వరండా చివరిదాకా వెళ్లి గోడకు తగిలితే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. తబిత కారు ఆగేదాకా చూడలేకపోయింది. లోపలికి వెళ్లి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

వెంకటరాజు ఆమె వెనకే వెళ్లాడు. అప్పుడన్న మాటలకు క్షమించమని చేతులు జోడించాడు. పదకొండేళ్లు ఎత్తుకు పెంచిన తనకే తెలియలేదని, జలుబని మందిచ్చిన డాక్టర్లకూ తెలియలేదని అన్నాడు. ఆమెను చదివించిన తల్లిదండ్రులకు కూడా దండం పెట్టాలన్నాడు.

"ఏ పుస్తకంలో ఉంటుందండి ఇది? బెలూన్ ఊదలేకపోతే గుండె సంగతని మీకెలా తెలిసింది?"

తబిత కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"మాకూ ఒక పాప ఉండేదండి. నా క్లాసులోనే చదివేది."

వెంకటరాజు చేతులు కిందికి దిగాయి.

"ఊదలేనంటే, బద్ధకమని కొట్టాను."