ఇఖామా ప్రకారం

ఇస్సాక్ గ్రౌండులో అడుగుపెట్టేసరికి ఆయన ఊదాల్సిన విజిల్ ఇంకొకరి నోట్లో ఉంది.

అల్ ఖోబర్‌లోని ఆ ఇండియన్ స్కూలుకి నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఫుట్‌బాల్ కోచ్‌గా వచ్చిన మొదటి సాయంత్రం అది. విజిల్ ఊదుతున్నది దిలావర్ అనే పఠాను. స్కూలు బస్సు నడిపేవాడు.

ఇక నేనొచ్చాను, నువ్వు బస్సు దగ్గరికి వెళ్లమని ఇస్సాక్ హిందీలో మర్యాదగానే చెప్పాడు. దిలావర్ తలూపి విజిల్ ఇచ్చేశాడు. అక్కడితో సరిపోతే గొడవే లేదు. పిల్లలు మాత్రం కార్నర్ కొట్టాలన్నా బస్సు కిటికీ వైపే చూసేవారు. అక్కడ దిలావర్ వేలెత్తితేనే బంతి లేచేది.

వారం తిరిగేసరికి ఇస్సాక్‌కి ఒళ్లు మండిపోయింది. నరసాపురంలో జట్లకి జట్లు తయారుచేసి, ఇదే స్కూలుకి రెండు కప్పులు తెచ్చిపెట్టిన తను, స్టీరింగు తిప్పేవాడి ముందు చులకనైపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనయ్యేది. ఉండబట్టలేక ఆఫీసుకి వెళ్లాడు.

అక్కడి గుమాస్తా ఇర్ఫాన్‌ది కరీంనగర్. స్కూలు అరబ్బీ కాగితాలన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి.

"ఓ నోటీసు రాయవయ్యా. ఎవరి ఇఖామాలో ఏ పనుంటే ఆళ్లు ఆ పనే చెయ్యాలి. కోచ్ అని ఉన్నోడే గ్రౌండులోకి రావాలి."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే చిన్న పుస్తకం. మనిషి చేసే పని అందులో అరబ్బీలో రాసుంటుంది. పోలీసులు ఆపితే మొదట అడిగేది దాన్నే.

ఇర్ఫాన్ పెన్ను మూత తియ్యలేదు. "ఇఖామా ముచ్చట ఎందుకు సార్? దిలావర్‌తోటి నేను మాట్లాడ్త తియ్యుండ్రి."

వాళ్లిద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లని ఇస్సాక్‌కి తెలుసు. "నీ స్నేహం నీ దగ్గరెట్టుకో. రాయి."

ఇర్ఫాన్ రాశాడు. ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు. స్కూలుకి కఫీల్, అంటే అందరి వీసాలకీ పూచీ ఉండే సౌదీ పెద్దమనిషి, అది చదివి, ఇన్నేళ్లలో ఒక్కరైనా ఇంత బుద్ధిగల మాట చెప్పారా అని మెచ్చుకుని, మర్నాటి నుంచే అమలు చెయ్యమన్నాడట. ఇస్సాక్ ఆ కబురు విని, దేవుడికి స్తోత్రం చెప్పుకుని, టీ తాగాడు.

మర్నాడు సాయంత్రం విజిల్ శుభ్రంగా తుడుచుకుని బయల్దేరాడు. గ్రౌండు గేటు దగ్గర ఇర్ఫాన్ నిలబడి ఉన్నాడు. ఆ విజిల్ ఇటివ్వమని చెయ్యి చాపాడు. ఇస్సాక్ ఇవ్వలేదు. ఎందుకని అడిగాడు.

"మీరు పోయినంక మీ కోచ్ వీసా దిలావర్ పేరు మీద ఎక్కిచ్చిన్రు సార్," అంటూ ఇర్ఫాన్ బస్సు తాళాలు ఆయన అరచేతిలో పెట్టాడు. "ఈసారి మీరొచ్చింది ఆయన డ్రైవర్ వీసా మీద."