దూలం కింద మంచం

“తల ఎటుంటే అటేనా సిరిల్? కచ్చితమేనా?”

“కచ్చితమే హెస్టర్ గారూ. పారిష్ హద్దు ఇంటి మధ్యలోంచి పోతే, పడుకున్నప్పుడు తల ఏ పారిష్‌లో ఉంటే ఆ మనిషి ఆ పారిష్ కిందే లెక్క. కాళ్ళు ఎటున్నా ఎవడికీ పట్టదు.”

సిరిల్ డాకిన్స్ రిటైరైన బడిపంతులు. మెలింగ్‌ఫోర్డ్ పట్నం చరిత్ర రాస్తున్నాడు. ఏ పాత రాయి కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే వదలడు కాబట్టి, అతను ఎదురొస్తే జనం పక్క సందులోకి తప్పుకునేవారు. హెస్టర్ లవెల్ మాత్రం తానే కబురు పెట్టి పిలిపించుకుంది.

ఆవిడ ఇల్లు గుట్ట మొదట్లో ఉంది. కింద సంతవీధి వైపంతా ఆల్ సెయింట్స్ చర్చి కిందికొచ్చే పారిష్, గుట్ట మీదంతా సెయింట్ మైకేల్ చర్చి పారిష్. రెండింటి హద్దూ సరిగ్గా ఆవిడ పడకగది దూలం కిందుగా పోతుంది. ఏటా హద్దులు తిరిగే పండగనాడు గుట్ట మీది జనం బెత్తాలు పట్టుకుని కిటికీలోంచి గదిలోకి దిగి, దూలం మీది శిలువ గుర్తును తలా ఒక దెబ్బ కొట్టి, తలుపులోంచి బయటికి పోయేవారు. బతికున్నన్నాళ్ళూ వాళ్ళకు ముందు నడిచింది ఆవిడ భర్త ఆంబ్రోస్. చర్చి పెద్ద, నలుగురూ లేచి నిలబడే మనిషి.

“ఆ బురద బూట్లు!” అంది హెస్టర్. “వాళ్ళు పోయాక సాయంత్రం దాకా నేల కడుక్కునేదాన్ని.”

“ఆ రోజులే వేరు,” అన్నాడు సిరిల్ మురిపెంగా.

“అవును, వేరే. సరే, నా తల ఎటుందో చూసి చెప్పు.”

సిరిల్ పడకగదిలోకి వెళ్ళి దూలం చూశాడు, మంచం చూశాడు. తిరిగొచ్చేసరికి అతని గొంతు దిగిపోయింది. “ఆల్ సెయింట్స్ వైపు. కాళ్ళే సెయింట్ మైకేల్లో ఉన్నాయి.”

హెస్టర్ కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి.

“ఆయన కన్నుమూసిన వారమే మంచం అలా తిప్పించాను. అటైతే వెలుతురు బాగుంటుందని. ఇక దీనికి మార్పేమీ ఉండదుగా సిరిల్?”

ఆంబ్రోస్ సమాధి సెయింట్ మైకేల్ చర్చి పక్కన, చెట్ల నీడలో ఉంది. దాని పక్కన ఇంకొక మనిషికి సరిపడా ఖాళీ ఉంది. కానీ అక్కడ చోటు కరువైపోయి, ఆ పారిష్ వాళ్ళకు తప్ప ఇవ్వడం లేదు. హెస్టర్ చూస్తే గుండెజబ్బు మనిషి. కాస్త వెలుతురుకు ఆశపడి మొగుడి పక్కన చోటు పోగొట్టుకుందే పిచ్చితల్లి అనుకున్నాడు సిరిల్.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సిరిల్ అడక్కుండానే పెట్టే రకం. ఆవిడ ఇచ్చిన టీ సగంలో వదిలేసి గుట్టెక్కాడు.

“కుదరదు డాకిన్స్ గారూ,” అన్నాడు సెయింట్ మైకేల్ పాదరీ ప్రైడో. “ఒక్కరికి సడలిస్తే రేపు సంతవీధి మొత్తం ఇక్కడికే ఎక్కుతుంది.”

“పాపం, ఆవిడ ఏడ్చిందండీ. ఈ చర్చికి ఆంబ్రోస్ గారు ఎంత చేశారు! ఆయన భార్యని ఆల్ సెయింట్స్ సమాధుల్లో, ఆ సంత గోలలో పడుకోబెడతామా?”

పాదరీ గడ్డం గోక్కున్నాడు. “ఇంతకీ ఆ మంచం బరువెంతుంటుంది?”

“ఎందుకండీ?”

“ఎటుందో నేనింకా నా కళ్ళతో చూడలేదుగా! నేను చూసేసరికి ఎటుంటే అటే.”

సిరిల్ మొహం వెలిగిపోయింది.

ఆ వారంలోనే హెస్టర్ పరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్తూ, పిల్లికి పాలు పొయ్యమని తాళంచెవి సిరిల్‌కే ఇచ్చింది. మర్నాడు ఇద్దరు పెద్దమనుషులూ కోట్లు విప్పి ఆ ఓక్ మంచంతో కుస్తీ పట్టారు. పాదరీ నడుం పట్టేసింది. సిరిల్ వేలు నలిగింది. పిల్లి బీరువా ఎక్కి వీళ్ళ యవ్వారం చూసింది. మొత్తానికి మంచం తలవైపు చెక్క సెయింట్ మైకేల్లోకి వచ్చింది.

హెస్టర్ తిరిగొచ్చిన రోజు ఇద్దరూ గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు. ఆవిడ గది వాకిట్లో ఆగి మంచం చూసింది. దూలం చూసింది. తర్వాత వీళ్ళిద్దరి మొహాలూ చూసింది.

“ఇక మీరు మా పారిష్ మనిషే,” అన్నాడు పాదరీ నడుం పట్టుకుని. “ఆంబ్రోస్ గారి పక్కన చోటు మీదే. ఇది నా మాట.”

హెస్టర్ చేతిసంచి తాడు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. ఆనందం పట్టలేకపోతోందని సిరిల్‌కి అర్థమైంది.

“ఎంత శ్రమపడ్డారు!” అంది చివరికి. “ఆంబ్రోస్ కూడా ఇంతే. నాకేం కావాలో నన్నడక్కుండానే చూసుకునేవాడు.”

“అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడమ్మా!” అన్నాడు పాదరీ కళ్ళు తుడుచుకుంటూ.

“టీ తాగి వెళ్ళండి,” అందావిడ.

మర్నాడు సంత. సిరిల్ దారిలో వేడి బన్నులు కొనుక్కుని ఆవిడను పలకరించడానికి వచ్చాడు. హెస్టర్ వంటగదిలో ఏదో పాత పాట కూనిరాగం తీస్తోంది. ఆవిడ పాడగా అతనెప్పుడూ వినలేదు.

“రాత్రి నిద్ర పట్టిందా హెస్టర్ గారూ?”

“హాయిగా పట్టింది. కాస్త పడకగదిలోంచి నా శాలువా తెచ్చిపెట్టు నాయనా.”

సిరిల్ గదిలోకి వెళ్ళాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. సంతవీధి కేకలు లోపలికి వినబడుతున్నాయి. మంచం తాము తిప్పినట్టే, అంగుళం కదలకుండా ఉంది.

తలగడ మాత్రం కాళ్ళవైపు ఉంది.