చుక్కల పెట్ట బెంగ

ప్రార్థన మందిరం వెనక పెరట్లో ఒక చుక్కల పెట్ట, పాస్టరమ్మ తెచ్చిపెట్టిన గుడ్లను గంప కింద పొదుగుతోంది. దాని తొలి పిల్లల్ని గద్ద తన్నుకుపోయింది. ఈసారైనా పిల్లల్ని పెంచుకోవాలని దాని ఆశ.

పొదిగే రోజులు నిండిపోయినా గుడ్లు చిట్లలేదు.

"మురిగిపోయుంటాయే, లేచి వచ్చెయ్!" అన్నాయి తోటి కోళ్లు.

పెట్ట ఏడ్చింది. పక్కన కట్టేసి ఉన్న ముసలి మేక రూతమ్మ, "యేసయ్యతో చెప్పుకోవే తల్లీ. నా బిడ్డ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆయనే," అంది.

మొదట్లో పెట్ట, "పిల్లల్నివ్వు ప్రభువా" అని అడిగేది. ఒళ్లు చిక్కి, ఈకలు రాలేసరికి, "నువ్వు దగ్గరుంటే చాలు" అనడం నేర్చుకుంది.

ఒక తెల్లవారుజామున గుడ్లు చిట్లాయి. చూస్తే బాతుపిల్లలు! బాతు గుడ్లు కాబట్టే అంత ఆలస్యమైంది. "ఎవరి పిల్లలైతేనేం, నాకిచ్చాడు" అని పెట్ట వాటిని రెక్కల కిందికి తీసుకుంది.

ఏళ్లు గడిచాయి. ముసలి పెట్ట చెరువు గట్టున కూర్చుంటే, ఈదుతున్న బాతులు, "మాకోసం ఎంత కష్టపడ్డావమ్మా!" అన్నాయి.

"కష్టమే నాన్నా. కానీ ప్రభువు నా పక్కనే ఉన్నాడని తెలిసింది ఆ చీకట్లోనే. ఒక్కోసారి ఆ రోజుల మీదే బెంగ పుడుతుంది," అంది పెట్ట.